పాలసీసా మాన్పించడం: ఒక తాతయ్య అనుభవం

చంటిపిల్లలకు పాలసీసా ఎప్పుడు మాన్పించాలి, ఎలా మాన్పించాలి అని యువ తల్లులు నన్ను తరచుగా అడుగుతుంటారు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల వైద్యుడిగా పనిచేసినవాడిని కనుక ఈ ప్రశ్నకు సమాధానం నాకు కంఠతా వచ్చు. ఆ సమాధానాన్ని ఇంట్లో అమలు చేయడం ఎంత కష్టమో మాత్రం పదవీ విరమణ చేసిన తరువాత, మా మనవడి దగ్గర తెలిసివచ్చింది. అందులో నా తప్పు చాలా ఉంది. దానిని దాచకుండా చెబితేనే మీకు ఉపయోగం.

మా అమ్మాయీ అల్లుడూ బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తారు. బాబుకు పదకొండో నెల వచ్చేసరికి వాడిని చూసుకునే మనిషి దొరకక, కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచుకోండి నాన్నా అని కాకినాడ తెచ్చి మాకు అప్పగించారు. అప్పటివరకూ రాత్రిపూట తల్లిపాలకు అలవాటుపడిన పిల్లవాడు. తల్లి దూరమయ్యేసరికి అర్ధరాత్రి లేచి ఏడ్చేవాడు. నా శ్రీమతికి మోకాళ్ళ నొప్పులు. అందువల్ల లేచి, పాలు కలిపి, సీసా నోటికి అందించే పని నాదైంది. పడుకునే తాగేవాడు, రెండు నిమిషాల్లో నిద్రపోయేవాడు. పాలపీక నోట్లోనే ఉండిపోయేది. ఏడాది నిండాక ఆవుపాలు మొదలుపెట్టాం. తీపి లేకపోతే ఎలా తాగుతాడని మా ఆవిడ అందులో అరచెంచా పంచదార వేసేది. నేను చూసీ చూడనట్లు ఊరుకునేవాడిని. వచ్చే వారం మాన్పిద్దాం అనుకుంటూ తొమ్మిది నెలలు గడిపేశాను. ఇదే పని చేసిన తల్లులను ఔట్‌పేషెంట్ విభాగంలో ఎన్నిసార్లు మందలించానో లెక్క లేదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం మామిడిపండు తినిపించి మూతి తుడుస్తూ ఆవిడ నన్ను పిలిచింది. "ఏమండీ, వీడి పళ్ళమీద మరక ఎంత తుడిచినా పోవడం లేదు, ఒకసారి చూడండి" అంది. టార్చి వేసి చూశాను. పైవరుసలో ముందున్న నాలుగు పళ్ళూ గోధుమరంగుకు తిరిగాయి. చిగుళ్ళ దగ్గర గుంటలు పడ్డాయి. కింది పళ్ళు మాత్రం మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి. ఈ తేడా చూస్తే ఏ పిల్లల డాక్టరుకైనా కారణం ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

ఎందుకలా జరుగుతుందో చెబుతాను. పాలలో సహజంగానే చక్కెర ఉంటుంది. మనం వేసే పంచదార దానికి అదనం. నోట్లో ఉండే సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని ఆమ్లాన్ని తయారుచేస్తాయి, ఆ ఆమ్లం పంటిమీది గట్టి పింగాణీ పొరను కరిగిస్తుంది. పగలైతే లాలాజలం ఊరుతూ నోటిని కడుగుతుంటుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, మింగడమూ తగ్గుతుంది. సీసా నోట్లో ఉండగానే నిద్రపోయిన పిల్లవాడి పై పళ్ళ చుట్టూ పాలు గంటల తరబడి నిలిచిపోతాయి. కింది పళ్ళను నాలుక కప్పి కాపాడుతుంది. మొదట చిగురు అంచున సున్నపు గీతలాంటి తెల్లని చార కనిపిస్తుంది. ఆ దశలో గుర్తిస్తే చాలావరకు ఆపవచ్చు. మీ ఇంట్లో ఏడాది దాటిన బిడ్డ ఉంటే ఈరోజే పై పెదవి ఎత్తి ఒకసారి చూడండి. నేను రోజూ ముద్దుపెట్టుకుంటూ కూడా చూడలేదు.

పళ్ళను చూశాక మిగతాదీ చూడాలనిపించింది. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే ఎర్రదనం తక్కువగా ఉంది. రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఈ వయసు పిల్లల్లో 11 కంటే తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తూ వచ్చాం. ఆలోచిస్తే అందులో ఆశ్చర్యమేమీ లేదు. రోజుకు దాదాపు లీటరు పాలు తాగుతున్నాడు. ఆవుపాలలో గాని గేదెపాలలో గాని ఇనుము నామమాత్రం. పైగా పాలలోని కాల్షియం, కేసీన్ అనే మాంసకృత్తు ఇతర ఆహారంలోని ఇనుమును కూడా సరిగా ఒంటబట్టనీయవు. కడుపు పాలతో నిండిపోయాక పప్పన్నం, ఆకుకూర, గుడ్డు దేనికీ ఆకలి ఉండదు. 'మా వాడు అన్నం ముట్టడండీ, పాలమీదే బతుకుతున్నాడు' అని తల్లులు చెప్పే మాటలో కారణమూ ఫలితమూ రెండూ ఉన్నాయి. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అరలీటరు పాలు చాలు.

మరునాడే బజారుకు వెళ్ళి ఏనుగుబొమ్మ ఉన్న మంచి సిప్పర్ కప్పు కొన్నాను. రెండు చెవులు, మూతకు ముక్కు, తలకిందులు చేసినా చుక్క కారని అమరిక. పిల్లవాడు సంతోషంగా పట్టుకున్నాడు. సమస్య తీరిందనుకున్నాను. నాలుగు రోజులు గడిచాక గమనించాను, వాడు ఆ కప్పును చంకలో పెట్టుకుని ఇల్లంతా తిరుగుతూ పది నిమిషాలకొక గుక్క పాలు పీలుస్తున్నాడు. చుక్క కారకుండా ఆపే ఆ కవాటం ఉన్నంతకాలం లోపలివి బయటికి రావాలంటే సీసాను పీల్చినట్టే గట్టిగా పీల్చాలి. అంటే సీసాకు ఏనుగుబొమ్మ తొడిగానన్నమాట! మునుపు రాత్రి మాత్రమే తడిసిన పళ్ళు ఇప్పుడు పగలంతా పాలలో తడుస్తున్నాయి. సిప్పర్ వాడదలచుకున్నవారు ఆ కవాటం తీసివేసి వాడండి, కొద్దిరోజులే వాడండి. భోజనాల వేళ తప్ప అందులో మంచినీళ్ళే పోయండి. నోట్లో పెట్టుకుని పరుగెత్తనివ్వకండి, పడితే ముక్కు అంగిట్లో గుచ్చుకుంటుంది.

నిజానికి మన ఇళ్ళలో ఇంతకంటే మంచి సాధనం ఒకటి ఎప్పటినుంచో ఉంది. అటకమీద ఇత్తడి సామాన్ల మధ్య మా అమ్మ వాడిన ఉగ్గుగిన్నె ఉంది. పక్షి ముక్కులాంటి చిన్న కొమ్ము ఉండే గిన్నె. నేను పనిచేసిన రోజుల్లో నెలలు నిండకుండా పుట్టి, రొమ్ము పట్టి తాగలేని శిశువులకు తల్లి పిండిన పాలను ఇలాంటి స్టీలు గిన్నెతోనే పట్టించేవాళ్ళం. ఒకటిన్నర కిలో బరువున్న పసికందు ఉగ్గుగిన్నెతో తాగగలిగినప్పుడు ఏడాది పిల్లవాడికి సీసా లేకపోతే ఎలా అనడం సబబు కాదు. ఆ గిన్నెలో పూర్వం వస, ఆముదం కలిపి గొంతులో పోసేవారు. ఆ పని మాత్రం ఎవరూ చేయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వచ్చిన బిడ్డలను చూశాను.

ఉగ్గుగిన్నె దాటిన వయసు కనుక మా వాడికి చిన్న స్టీలు గ్లాసు ఇచ్చాం. నాలుగు గుక్కలు పట్టేదే. మొదట అడుగున వేలెడు మంచినీళ్ళు పోసి, పొద్దున నేను కాఫీ తాగేటప్పుడు పక్కన కూర్చోబెట్టాను. నేను గ్లాసు ఎత్తితే వాడూ ఎత్తాడు. సగం చొక్కామీద పోసుకున్నాడు. మెడకు తువ్వాలు కట్టి మళ్ళీ ఇచ్చాను. పక్కన పెద్దవాళ్ళు తాగుతూ కనిపించడం కంటే మంచి పాఠం లేదు. మీరు పట్టించేటప్పుడు గ్లాసు అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేంతవరకే వంచండి. నోట్లో పోయకండి, బిడ్డే అందుకుంటాడు.

సీసాలను ఒక్కొక్కటిగా తగ్గించాం. మధ్యాహ్నం సీసామీద పిల్లలకు మమకారం తక్కువ, అది ముందు పోయింది. వారానికి ఉదయానిది, తరువాత సాయంత్రానిది. రాత్రి సీసాలో పంచదార మానేసి, పాలలో రోజురోజుకూ నీళ్ళు పెంచాను. ఏడాది దాటినవారికే ఈ ఉపాయం. అంతకంటే చిన్నవారికి డబ్బాపాలను ఎట్టి పరిస్థితిలోనూ పలచన చేయరాదు. పూర్తిగా మాన్పించిన రోజు రాత్రి భోజనం తరువాత కూర్చోబెట్టి గ్లాసుతో పాలు పట్టి, బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోమి పడుకోబెట్టాం.

ఆ రాత్రి గంటన్నర ఏడ్చాడు. రెండో రాత్రి ఇంకా ఎక్కువ. భుజాన వేసుకుని వరండాలో తిరిగాను, గ్లాసుతో నీళ్ళు ఇస్తే తోసేశాడు. రెండున్నర గంటల వేళ, ఇంత వైద్యం చదివినవాడిని, దొంగలా వంటింట్లోకి వెళ్ళి సీసా కోసం అలమారాలు వెతికాను. వెనకనుంచి మా ఆవిడ నెమ్మదిగా చెప్పింది: "వెతక్కండి. అవన్నీ పొద్దున్నే పాతసామాన్ల బండికి వేసేశాను." నన్ను ఆమె ముందే అంచనా వేసింది. నాలుగో రాత్రి తెల్లవారేదాకా నిద్రపోయాడు. పది రోజుల్లో ఒక ఇడ్లీ పూర్తిగా తిన్నాడు. ఐరన్ చుక్కలతో మూడు నెలల్లో హీమోగ్లోబిన్ 11 దాటింది.

మీరు నాలాగా ఇరవై నెలలదాకా ఆగనక్కరలేదు. ఆరు నెలలకు ఘనాహారం మొదలుపెట్టిన రోజునే గ్లాసుతో రెండు గుక్కల నీళ్ళు అలవాటు చేయండి. ఏడాదికి సీసా తగ్గించడం మొదలుపెట్టి, ఏడాదిన్నర లోపల పూర్తిగా మానేయండి. తల్లిపాలు తాగుతున్న బిడ్డకైతే సీసా అసలు పరిచయమే చేయవద్దు. రెండేళ్ళదాకా తల్లిపాలు ఇస్తూ నేరుగా గ్లాసుకు తీసుకురావచ్చు. పాలసీసాలకూ పాలపొడులకూ ప్రకటనలు ఇవ్వరాదని 1992లో మన దేశంలో చట్టమే చేశారు, 2003లో దానిని ఇంకా గట్టిపరిచారు. గ్రహణమొర్రి ఉన్నా, బరువు పెరగకపోతున్నా, తాగినప్పుడల్లా పొలమారుతున్నా మీ డాక్టరును అడిగాకే ఏ మార్పైనా చేయండి.

ఇక ఆ పళ్ళ సంగతి. రెండింటిని దంతవైద్యుడు పూడ్చారు. మూడో ఏట ఒకదానికి చీము పట్టి మొహం వాచింది, తీసివేయక తప్పలేదు. వాడి కాళ్ళు పట్టుకున్నది నేనే. ఆ ఏడుపు వరండాలో విన్న ఏడుపులాంటిది కాదు.

ఇప్పుడు వాడికి 7 ఏళ్ళు. కొత్త పళ్ళు వచ్చాయి. మొన్న సెలవులకు వచ్చి పాత ఆల్బమ్ తిరగేస్తూ, "తాతయ్యా, ఇందులో నా పన్ను ఒకటి లేదేం?" అని అడిగాడు.

"నేనే పాడుచేశానురా" అన్నాను.

నమ్మలేదు. అమ్మమ్మను అడుగుతానని వంటింట్లోకి పరుగెత్తాడు.