ఫిడేలు వీడియోలో మా గొంతు

మాది తమిళ మీడియం చదువు, రిటైరయ్యాకే తెలుగు రాయడం నేర్చుకున్నాము. తప్పులుంటే మన్నించండి.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు రికార్డులు విని పెరిగిన ఇల్లు మాది. అందుకే మనవరాలిని ఫిడేలు క్లాసులో చేర్పించాము. కింద కూర్చుని, ఫిడేలు తలను కుడి పాదం మీద ఆనించి సరళీ వరసలు వాయించేది. కమాను బ్రిడ్జికి సమాంతరంగా పోవాలి. దానిది పక్కకు జారి కీచుమనేది. "వంకర, వంకర" అని మేము పక్కనే కూర్చుని అంటూ ఉండేవాళ్ళం. "నేరుగానే పెట్టాను తాతా" అని ఏడ్చేది. ఒకనాడు ఫిడేలు పెట్టెలో పెట్టేసి ఇక వద్దంది.

టీచరమ్మ కోప్పడలేదు. రోజూ ఒక్క నిమిషం ఫోనులో తీసి పంపమన్నారు. ఫోను ఎదురుగా కదలకుండా పెట్టాలి, ఒకసారికి ఒక్క తప్పే చూడాలి అన్నారు.

మొదటి వీడియో చూసి పిల్లే అంది: "తాతా, కమాను ఎడమచేతి వేళ్ళ వైపు జారుతోంది!" మేము నెలల తరబడి చెప్పిందీ అదే. వాయించేటప్పుడు దానికి కనబడలేదు, అంతే.

రెండోసారి చూస్తే మాకు ఇంకొకటి కనబడింది. మా "వంకర" వినబడినప్పుడల్లా దాని కుడి భుజం బిగుసుకుని పైకి లేస్తోంది. అప్పుడే కమాను మరీ జారుతోంది. రైల్వే ఆఫీసులో రిజిస్టర్లలో తప్పులు పట్టిన అలవాటు మాది. సిగ్గేసింది.

ఇప్పుడు ఫోను పెట్టి మేము వరండాలోకి పోతాము. నిన్న మాయామాళవగౌళలో మొదటి వరస కీచుమనకుండా వచ్చింది. మేము లోపలికి రాలేదు.

మన సంఘం పెద్దలకు ఒక్క మాట: వీడియో తీయండి. పిల్లల తప్పు చూసే ముందు మీ గొంతు వినండి.