దొంగ ఇంద్రుడు

పారిజాతం అనగానే మనకి గుర్తొచ్చేది సత్యభామ అలక. నారదుడు తెచ్చిన పువ్వు రుక్మిణికి వెళ్ళింది, సత్య అలిగింది, కృష్ణుడు స్వర్గం మీదికి పోయి ఏకంగా చెట్టునే పెకలించుకొచ్చాడు. నంది తిమ్మన ఎంత అందంగా చెప్పాడంటే, సొమ్ము పోగొట్టుకున్న ఇంద్రుడి గురించి మనం క్షణం కూడా ఆలోచించం.

ఖాట్మండులో ఈ కథ తిరగబడింది. అక్కడ దొంగ ఇంద్రుడే. వాళ్ళమ్మ నోముకి పారిజాతాలు కావాల్సొచ్చి, మామూలు మనిషిలా కిందికి దిగి, ఎవరి తోటలోనో కోస్తుంటే జనం పట్టుకుని కట్టేశారు. ఐరావతం యజమాని కోసం వీధివీధీ వెతికింది. చివరికి తల్లే దిగొచ్చింది. కొడుకుని వదిలిపెడితే పంటకి మంచు కురిపిస్తాననీ, ఆ ఏడు చనిపోయినవాళ్ళని తనతో స్వర్గానికి తీసుకెళ్తాననీ మాటిచ్చింది.

ఏటా భాద్రపదంలో ఎనిమిది రోజులు చేసే ఇంద్రజాత్ర దీని గురించే. మారు అనే కూడలిలో, ఎత్తయిన మంచె మీద, చేతులు బార్లా చాపి కట్టేసి ఉన్న ఇంద్రుణ్ణి నిలబెడతారు. వెదురు ఏనుగు ఒకటి జనంలోకి దూసుకొచ్చి అందర్నీ హడలగొడుతుంది. దేవతల రాజుకి ఈ గతి పట్టించి, ఏటేటా దాన్నే పండగ చేసుకోవడం ఒక్క నేవారులకే చెల్లింది.

ఆఫీసులో మాత్రం కొండలు చూడ్డానికని చెప్పాను. సెప్టెంబర్‌లో అక్కడ మబ్బులే తప్ప కొండలు కనబడవని తెలుసు. అమ్మ పోయి ఏడు నెలలు. మాసికాలు అన్నయ్య పెడుతున్నాడు, నేను వెళ్ళట్లేదు. పన్నెండో రోజు దాకా అమ్మని 'ప్రేత' అని పిలిచిన ఆ మంత్రం ఇంకా చెవుల్లో ఉంది.

మొదటి రోజు పొద్దున హనుమాన్ ఢోకా దగ్గర పొడవాటి దూలం నిలబెడతారు. సాయంత్రం 'ఉపాకు'. ఆ ఏడు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు అగరొత్తులు, దీపాలు పట్టుకుని పాత ఊరి చుట్టూ నడుస్తారు. దారిలో ప్రతి గుడి ముందూ, రాయి ముందూ ఒక దీపం. ఎవరూ ఏడవట్లేదు. పిల్లలు ఐస్‌క్రీమ్ అడుగుతున్నారు, ఒకాయన ఫోన్‌లో ఎవరికో డబ్బు లెక్క చెబుతున్నాడు, ఇరుకు సందుల్లో బైకులు హారన్లు కొడుతున్నాయి. నేను పక్కన నిలబడి చూస్తుంటే ఒకావిడ ఆగింది.

"ఎవరు?" అనడిగింది హిందీలో.

"అమ్మ."

"నాకు మా ఆయన" అని, తన కట్టలోంచి నాలుగు అగరొత్తులు తీసిచ్చి నడిచి వెళ్ళిపోయింది. నేనూ నడిచాను. మంత్రం లేదు, పేరు లేదు, గోత్రం అడిగే మనిషి లేడు. రెండు గంటలు పట్టింది.

కుమారి రథం తిరిగొచ్చిన రాత్రి 'దాగిం' బయల్దేరింది. ఇంద్రుడి తల్లి అన్నమాట. ముసుగు ముఖంతో, కొడుకుని వెతుకుతూ, ఎవర్నీ చూడకుండా విసవిసా పోతుంది. వెనక మళ్ళీ ఆ ఇళ్ళవాళ్ళే.

ఇక్కడ కథ ఒకటుంది. చనిపోయినవాళ్ళు వరసగా ఒకరినొకరు పట్టుకుని ఆమె వెంట వెళ్తుంటే మధ్యలో ఆ గొలుసు తెగిందట. అందరూ ఊరికి పడమటున్న ఇంద్రదహం అనే చెరువులో పడిపోయారట. అందుకే మర్నాడు జనం అక్కడ స్నానాలకి వెళ్తారు. మన కావ్యాల్లో ఏ తల్లి మాటా ఇలా సగంలో ఆగిపోగా నేను చదవలేదు. ఈ తెగిన గొలుసు కోసమైనా ఎవరో ఒకరు ఈ కథని తెలుగులో రాయాలి.

చెరువు దాకా నేను వెళ్ళలేదు. తెల్లవారుజామున ఫ్లైట్.