కొత్తవలస తోటలో దొన్నెడు జామ ముక్కలు

విశాఖలో రైలెక్కి అరకు వెళ్లేవాళ్లలో చాలామందికి కొత్తవలస అంటే కిటికీలోంచి కనిపించే జంక్షన్ బోర్డు, అంతే. హౌరా-చెన్నై మెయిన్ లైన్ నుంచి కిరండూల్ లైన్ విడిపోయేది ఇక్కడే. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి, అక్కణ్నుంచి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. బొర్రా గుహల హడావిడిలో ఇక్కడ ఎవరూ దిగరు. కార్తీకమాసంలో మాత్రం ఓసారి దిగి చూడండి.

ఊరు దాటితే మామిడి తోటలు. కార్తీకంలో చెట్లకి కాయ ఉండదు, నీడ ఉంటుంది. ఆ నీడ కోసమే వనభోజనాలకి వస్తారు. ఉసిరి చెట్టు కింద తినాలన్నది ఆచారం. తోటలో ఉసిరి లేకపోతే ఓ కొమ్మ తెచ్చి పాతుకుంటారు. మేమూ అదే చేశాం.

అసలు కథ వంట దగ్గర మొదలవుతుంది. మూడు ఇటుకలు పెడితే అదే పొయ్యి. గిన్నె అడుగున తడిమట్టి పూస్తే మసి తేలిగ్గా వదులుతుంది. 'సిమ్‌లో పెట్టు' అనడానికి ఇక్కడ నాబ్ లేదు, మంట తగ్గాలంటే కట్టె వెనక్కి లాగాలి. పోపులపెట్టె ఇంట్లోనే ఉండిపోయింది, ఏ పొట్లంలో ఏముందో వాసన చూస్తేగానీ తెలీదు. యూట్యూబ్ చూద్దామంటే చేతినిండా మసి!

అన్నం, పప్పు దిగేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. అప్పటిదాకా ఆకలి ఆగాలిగా? అందుకే పళ్ల ముక్కలు. గట్టి జామ, దోర బొప్పాయి, అనాస, కీరా, గుప్పెడు దానిమ్మ గింజలు. వాటి మీద కారం, వేయించి దంచిన జీలకర్ర, మిరియాల పొడి, కాస్త బెల్లం తురుము, నిమ్మరసం. ఉప్పు మాత్రం తినే ముందే చల్లాలి. ముందే వేస్తే ముక్కల్లోంచి నీరు దిగి మెత్తబడిపోతాయి. ఉప్పు చేదుని అణిచి తీపిని పైకి తెస్తుంది. ఈ కిటుకు మనకే కాదు, మెక్సికో వీధుల్లోనూ మామిడి ముక్కల మీద కారం, నిమ్మరసం చల్లుతారు. ఇండోనేషియాలో బెల్లం, చింతపండు, మిరపకాయలు నూరి పళ్లకి కలిపి 'రుజాక్' అంటారు.

మా పెద్దమ్మకి అరవై దాటాయి. ఇంట్లో అందరూ తిన్నాకే తింటుంది. ఎందుకంటే, "నాకేటి తొందర?" అంటుంది. ఆ రోజు గరిటెలన్నీ మగపిల్లల చేతుల్లో ఉన్నాయి. రెండుసార్లు పొయ్యి దగ్గరికి లేచొచ్చింది, రెండుసార్లూ చాప మీదకి పంపించేశాం. మొదటి దొన్నె ఆమెకే ఇచ్చాం. కారం అంటిన జామ ముక్క నోట్లో వేసుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సిన్నప్పుడు బడికాడ తిన్నానురా. మల్లీ ఇన్నాల్లకి" అంది. ఇన్నేళ్లూ ఇలాంటివి కోసి మా అందరికీ పెట్టింది ఆమే.

పప్పులో ఉప్పు ఎక్కువైంది. అయినా పెద్దమ్మ మారు వడ్డించుకుంది.

ఈ కార్తీకంలో మీరూ వెళ్తే, రోజూ వండేవాళ్లని ఆ ఒక్కరోజు కూర్చోబెట్టండి. అన్నట్టు, పొయ్యి మీద నీళ్లు చల్లి ఆర్పడం, దొన్నెలు ఏరడం కూడా మీ పనే.