కొత్తగూడ కుళ్ళాయి

హైదరాబాదు వాసులకు కొత్తగూడ అనగానే ముందు కూడలి, ఆ పైన వాహనాల బారు గుర్తుకు వస్తాయి. ఒక దారి గచ్చిబౌలికి, ఒకటి హైటెక్ సిటీకి, మరొకటి కొండాపూర్ వైపుకు పోతుంది. 1998లో సైబర్ టవర్స్ వెలిసినప్పటినుంచి ఈ ప్రాంతం రూపే మారిపోయింది. 2023 జనవరి 1న ఫ్లైఓవర్ ప్రారంభమయింది గనుక, పైనుంచి పోయేవారికి ఊరు కనిపించదు. చూడదలచినవారు కిందనే నడవాలి. ఒక ప్రక్క బొటానికల్ గార్డెన్ పచ్చదనం, మరొక ప్రక్క అద్దాల మేడలు. వాటి నీడన సందుల్లో కర్రీ పాయింట్లు, ఇస్త్రీ బండ్లు, దర్జీ దుకాణాలు.

ఆ సందుల్లోకి నేను వెళ్ళింది ఒక ఉన్ని టోపీ మీద రెండే రెండు అక్షరాలు కుట్టించడానికి. మా తమ్ముడి కుటుంబం అమెరికాలో, మినియాపొలిస్‌లో ఉంటుంది. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నకు ఇరవై డిగ్రీలు దిగువకు కూడా పోతుంది. వాడి కూతురికి నాలుగేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గాని, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. “అన్నయ్యా, టోపీ మీద తెలుగులో ‘పాప’ అని కుట్టించి పంపు. అది గుర్తుపట్టే మొదటి తెలుగు మాట అదే కావాలి,” అన్నాడు తమ్ముడు.

కుళ్ళాయి మనకు కొత్తది కాదు. కర్ణాట ప్రభువు కొలువులో శ్రీనాథుడంతటివాడు కుళ్ళాయి పెట్టుకోవలసివచ్చిందని చాటువు చెబుతుంది. అయితే దాని మీద తెలుగు అక్షరం నిలబెట్టడం ఇంత పని అని నాకు ఆనాడే తెలిసింది.

నేను వెళ్ళిన దుకాణంలో పెళ్ళి రవికెల పనే ఎక్కువ. “జాకెట్టు గుడ్డయితే చిటికెలో పని సార్. అల్లిక టోపీ సాగుతుంది, అదే చిక్కు,” అన్నాడు కుర్రవాడు. టోపీని సాగదీసి ఫ్రేములో బిగించి కుడితే, తీశాక అది ముడుచుకుని కుట్టంతా ముడతలు పడుతుందట. అందుచేత అడుగున గట్టి గుడ్డను మాత్రమే బిగించి, టోపీని సాగకుండా దానికి అంటించాడు. దారాలు ఉన్నిలో కూరుకుపోకుండా పైన నీళ్ళలో కరిగిపోయే పలుచని పొర పరిచాడు. సూది మొన కూడా కాస్త గుండ్రనిదే. అది అల్లికను తెంపకుండా, నూలు పోగుల నడుమనుంచి దూరిపోతుంది. టోపీ అంచు పైకి మడిచేది గనుక అక్షరాలను లోపలి వైపున, తలక్రిందులుగా కుట్టాలి!

ఈ కుట్టు యంత్రాలకు పెద్ద చరిత్రే ఉంది. స్విట్జర్లాండు దేశీయుడు ఐజాక్ గ్రోబ్లి 1863లో షిఫ్లి యంత్రాన్ని కనిపెట్టాడు. షిఫ్లి అంటే చిన్న పడవ. అందులోని నాడె పడవ ఆకారంలో ఉండటంవల్ల ఆ పేరు వచ్చింది. నేడు ఆ సూదిని కంప్యూటరు నడిపిస్తున్నది.

ముందుగా ఒక పాత స్వెట్టరు ముక్క మీద కుట్టి చూపించమన్నాను. తెరమీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. గుడ్డ మీదికి వచ్చేసరికి దారం బిగువుకు చివరి ‘ప’ తలకట్టు ఒంటికి అంటుకుపోయింది. ‘పాప’ కాస్తా ‘పావ’ అయి కూర్చుంది! మనకైతే నవ్వుకునే సంగతే. తెలుగు అక్షరం తొలిసారి చూడబోయే పిల్లకు మాత్రం అదే పాఠం.

ఆ కుర్రవాడికి తెలుగు చదవడం అంతగా రాదు. కాగితం మీద రెండక్షరాలూ పక్కపక్కన వ్రాసి, “ఈ సందు ఉంటే ప, లేకపోతే వ,” అని చూపించాను. అతడు విసుగుకోలేదు. తలకట్టును కొద్దిగా పైకి జరిపి, కుట్ల ఒత్తు తగ్గించి, మరొక ముక్క మీద కుట్టాడు. ఈసారి సందు నిలిచింది. అప్పుడే అసలు టోపీ ఎక్కించాడు.

మీరూ ఎవరికైనా తెలుగు పేరు కుట్టించి పంపదలచుకుంటే, ముందు పాతగుడ్డ మీద కుట్టించి, ఒక్కొక్క అక్షరమే చదువుకోండి. తలకట్లు, ఒత్తులు యంత్రానికి గీతలే. వాటిని అక్షరాలుగా నిలపవలసినది మనమే గదా!