అడుగవలసిన ప్రశ్న

మన యింటికి క్రొత్తవారు వచ్చినయెడల ఊరడుగుదుము, గోత్రమడుగుదుము, జీతమెంతయని యడుగుటకును సంకోచింపము. మీకెన్నడైన ప్రాణాపాయము కలిగినదా, మీ కన్నులయెదుట ఘోరమేదైన జరిగినదా యని మాత్ర మడుగము. అట్టి మాట యెత్తుట అశుభమందుము. ఈ భీతిచేత మా యింట జరిగిన తప్పిదమును పాఠకులకు నివేదించుకొనుచున్నాము.

మా పెద్దమ్మ దివిసీమ కోడలు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన వేలకొలది జనులతోపాటు ఆమె బిడ్డల నిద్దరిని గొనిపోయెను. పిదప నామె మా యింటనే యుండెను. కార్తికమున తూర్పుగాలి లేచినచో నామెకు నిద్రలేదు. బియ్యము మూటగట్టి అటుకమీద పెట్టును. నీరు వచ్చెనేమోయని రాత్రి పలుమారులు లేచి గడప తడిమి చూచును. మేము చాదస్తమని నవ్వితిమి. గుండెదడకును నిద్రలేమికిని ముప్పదియేండ్లు మందు లిప్పించితిమి. వైద్యులు రక్తపుపోటు చూచిరి, మధుమేహము చూచిరి. ఉప్పెన మాట వారడుగలేదు, మేము చెప్పలేదు.

ఘోరానుభవము పిదప మనస్సును పట్టి పీడించు వ్యాధిని అమెరికా మనోవైద్యుల సంఘము 1980లోనే తన రోగపట్టికలో చేర్చినది. దానిని పసిగట్టుటకు నేడు చిన్న ప్రశ్నావళులు గలవు. వానిలో నొకటి, అగ్ని, వరద, యుద్ధము, దౌర్జన్యము వంటిది మీకెన్నడైన సంభవించెనా యని మొదట నడుగును. లేదన్నచో నంతటితో సరి. ఉన్నదన్నచో గడచిన మాసమును గూర్చి అయిదు ప్రశ్నలు: పీడకలలు వచ్చెనా? ఆ తలంపును, ఆ చోటులను తప్పించుకొని తిరిగితిరా? ఎల్లప్పుడు కావలి కాచునట్లుండి ఉలికిపడితిరా? మనుష్యులయెడ మనస్సు మొద్దుబారెనా? జరిగినదానికి మిమ్మునో పరులనో నిందించుట మానలేకపోతిరా? అవును, కాదు అనుటయే ప్రత్యుత్తరము. ఇది రోగనిర్ణయము కాదు. ఎవరిని మరల శ్రద్ధతో పరీక్షింపవలెనో తెలుపును, అంతియే. ఘోరము చూచినవారిలో పెక్కుమందికి ఈ వ్యాధి రాదు.

అయినను ప్రశ్న మంచిదైనంత మాత్రమున చాలదు. ఒక వైద్యశాలలో గుమాస్తా యొకడు జనసమ్మర్దము నడుమ ఈ ప్రశ్నలను బిగ్గరగా చదివెను. పెద్దమ్మ “ఏమియు లేదు నాయనా” యనెను. కాగితముమీద లేదనియే వ్రాయబడెను. మరుమాసమున నొక నర్సు మమ్ము వెలుపలికి బంపి, తలుపు చేరవైచి, ఎందులకడుగుచున్నదో చెప్పి, ఇష్టములేనిచో బదులీయ నక్కరలేదనెను. పెద్దమ్మ గంటసేపు మాటాడెను. ఇంటికి వచ్చిన పిదప మాతో ననెను: “చిన్నదాని చేయి నా చేతిలోనుండియే జారినది నాయనా. నేనే విడిచితినేమో.” ఆ యయిదవ ప్రశ్నను ఇన్ని యేండ్లు ఆమె తన్ను తానే యడుగుకొనుచుండెనని మాకప్పుడు తెలిసెను.

భర్తల దౌర్జన్యమునుగూర్చి 2013లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వెలువరించిన సూచనలును ఈ వివేకమునే బోధించుచున్నవి. వచ్చిన స్త్రీనెల్ల అడుగుట గాక, లక్షణములు కనబడినప్పుడు, ఏకాంతమున, శిక్షణ గలవారు, సాయము సిద్ధముగా నుంచుకొని యడుగవలెను. ప్రక్కన అత్తయో భర్తయో నిలిచియుండగా నడిగిన ప్రశ్న యామెకు రక్ష కాదు, అపాయము. గాయమును విప్పి చూచి, కట్టు కట్టక పంపివేయుట వైద్యము కాదుగదా!

కావున గృహస్థులు తామే పరీక్షకులై బంధువులను ప్రశ్నలతో వేధింపవలదు. వారు మాటాడినప్పుడు వినుడు. వారి భయమునకు నవ్వకుడు. వైద్యునియొద్దకు గొనిపోయినప్పుడు, వారి సమ్మతితో జరిగినదానిని చెప్పుడు. పిమ్మట మీరు గది వెలుపలికి రండు.

మనోవైద్యుని చికిత్సచే పెద్దమ్మకు రాత్రులు కొంత నయమైనవి. భయము పూర్తిగా పోలేదు. మొన్నటి కార్తికమున నామె బియ్యము మూటగట్టుచుండగా మేమును ప్రక్కన గూర్చుండి త్రాడందించితిమి. ముప్పదియేండ్ల క్రిందటనే చేయవలసిన పని యది.