కాలే నాకు బుద్ధి చెప్పింది

భయపడి పరుగు తీయడాన్ని తెలుగులో 'కాలికి బుద్ధి చెప్పడం' అంటారు. మొదటి సంవత్సరం జాతీయాల పాఠంలో మేడం ఈ మాట చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది. కాలికి బుద్ధి చెప్పడమేమిటని నేనూ నవ్వాను. మొన్న దసరా నుంచి సంక్రాంతి దాకా నా కాలే నాకు బుద్ధి చెప్పింది. ఆ సంగతి మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

సెప్టెంబరులో కాలేజీల పోటీలకి నన్ను 1500 మీటర్ల పరుగుకి ఎంపిక చేశారు. పోటీలు డిసెంబరులో. అప్పటిదాకా నేను వారానికి మూడు రోజులు, రోజుకి రెండు కిలోమీటర్లు పరుగెత్తేదాన్ని. ఎంపికైన సంతోషంలో ఆదివారం కూడా వదలకుండా మొదలుపెట్టాను. మూడో వారానికి ఆరు కిలోమీటర్లు కాస్తా ఇరవై నాలుగయ్యాయి. ఎవరూ చెయ్యమనలేదు. నేనే చేశాను.

మన గ్రౌండు గేటు తొమ్మిదికి గానీ తెరవరు. బళ్ళారి ఎండలో తొమ్మిదింటికి పరుగెత్తడం ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. అందుకని పొద్దున్నే అయిదున్నరకి మా వీధిలో పరుగెత్తేదాన్ని. మట్టిదారి ఉంది కానీ అక్కడ లైట్లు లేవు. లైట్లున్నది సిమెంటు రోడ్డు మీదే. నాన్న చివర టీ అంగడి దగ్గర నిలబడి చూస్తుండేవాడు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ బండ్లకి భయపడి ఎడమ అంచునే వెళ్ళేదాన్ని. ఆ అంచు కాలవ వైపు వాలుగా ఉంటుంది. కాళ్ళకి దొడ్డమ్మ కొడుకు వాడి వదిలేసిన బూట్లు. మడమ దగ్గర ఒకవైపు అరిగిపోయి ఉండేవి. బూట్లంటూ ఉన్నాయి కదా, చాలు అనుకున్నాను.

మా ఇంట్లో నాన్నవైపు తెలుగు, అమ్మవైపు కన్నడ. పరుగుకి అమ్మ ఒప్పుకున్నది ఒక షరతు మీద. "కాలిగె ఏనాద్రూ ఆద్రె అల్లిగే ముగీతు నోడు" అంది. కాలికి ఏమన్నా అయిందో, ఇక అంతే అని. పెళ్ళి కావలసిన పిల్ల కుంటితే ఎట్లా అన్నది ఆ మాట వెనక ఉన్న మాట. అది ఏ భాషలోనూ పైకి అనలేదు కానీ నాకు అర్థమైంది.

నొప్పి దసరా సెలవుల్లో మొదలైంది. మోకాలి కింద, ముందువైపు ఎముక లోపలి అంచు వెంబడి. మొదట్లో పరుగు మొదలుపెట్టగానే వచ్చి, ఒళ్ళు వేడెక్కాక పోయేది. పోయింది కదా అని ఊరుకున్నాను. తర్వాత పరుగంతా ఉండేది. ఆ తర్వాత కాలేజీ మెట్లు దిగేటప్పుడు, చివరికి మంచం మీద పడుకున్నప్పుడు కూడా సలపరం పెట్టేది.

ముందు కనిపెట్టింది అవ్వ. "ఏం పాపా, కాలు ఈడుస్తా నడుస్తాండావు?" అంది. "ఏం లేదవ్వా" అన్నాను. రెండు రోజులకి అమ్మ అడిగింది, "ఏనాయ్తే కాలిగె?" అని. "ఏనిల్లమ్మా" అన్నాను. రెండు భాషలు వచ్చిన పిల్లని కదా, రెండు భాషల్లోనూ అబద్ధం చెప్పాను. అవ్వ మాత్రం నమ్మలేదు. రాత్రి నువ్వులనూనె వేడి చేసి, ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా రుద్దింది. నోట్లో చున్నీ కుక్కుకుని ఓర్చుకున్నాను. మర్నాడు నొప్పి ఇంకా ఎక్కువైంది. మాత్ర వేసుకుని మళ్ళీ పరుగెత్తాను. నేను చేసిన తప్పుల్లో ఇదే పెద్దది. మాత్ర నొప్పిని కప్పెట్టింది, దెబ్బని మాన్పలేదు.

నవంబరులో ఒకరోజు బస్సు దిగుతూ ఎడమకాలు మోపలేక కూర్చుండిపోయాను. నా బెంచీలో కూర్చునే అమ్మాయి నన్ను అడక్కుండానే పోయి పీటీ మేడంకి చెప్పింది. ఆరోజు దానితో మాట్లాడలేదు. ఇప్పుడు ఈ గోడ మీద దానికి థ్యాంక్స్ చెబుతున్నాను.

ఎముకల డాక్టరమ్మ దగ్గరికి అమ్మ వచ్చింది. డాక్టరమ్మ వేలితో ఎముక అంచు పొడవునా నొక్కుకుంటూ వచ్చారు. జానెడు మేర నొప్పి. "ఒక్కచోటే సూదితో గుచ్చినట్టు ఉందా?" అని అడిగారు. లేదన్నాను. ఒక్కచోటే ఉంటే ఎముక చిట్లిందేమో అనుకోవాలట. రాత్రిళ్ళు కూడా నొప్పి ఉంటోందని ఎక్స్‌రే తీయించారు. చిట్లడం మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, అందుకే నొప్పి తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు. దీన్ని షిన్ స్ప్లింట్స్ అంటారని చెప్పారు.

తర్వాత ఆవిడ చెప్పిన మాట నేను మర్చిపోలేను. ఎముక అంటే రాయి కాదు, ప్రాణమున్న వస్తువు. ప్రతి అడుగుకీ అది కంటికి కనపడనంత వంగుతుంది, అరుగుతుంది. ఒంట్లో పనివాళ్ళు అరిగిన చోటు ముందు తవ్వేసి, తర్వాత కొత్తగా కడతారు. తవ్వడం తొందరగా అయిపోతుంది, కట్టడానికి వారాలూ నెలలూ పడుతుంది. "కట్టేవాళ్ళకి నువ్వు టైమే ఇవ్వలేదు తల్లీ" అన్నారు.

అప్పుడు ఇంకో ప్రశ్న. "పరుగుకి ముందు ఏం తింటావు? తర్వాత ఏం తింటావు? నెలసరి సరిగ్గా వస్తోందా?" నేను అమ్మ వైపు చూశాను. టీ తాగి పరుగెత్తి, టైం లేక అట్లాగే కాలేజీకి వచ్చేసేదాన్ని. నెలసరి రెండు నెలలుగా రాలేదు. ఒళ్ళు తేలికైంది, మంచిదే అనుకున్నాను. పడే శ్రమకి సరిపడా తిండి లేకపోతే ఒళ్ళు ముందు నెలసరిని ఆపుతుంది, ఎముకలూ బలహీనమవుతాయి అని ఆవిడ నాకూ, అమ్మకీ కలిపి చెప్పారు. పరుగెత్తే ప్రతి అమ్మాయికీ తెలియాల్సిన మాట ఇది. పందొమ్మిదేళ్ళు వచ్చినా నాకు ఎవరూ చెప్పలేదు.

నాలుగు వారాలు పరుగు బంద్ అన్నారు. అంటే పోటీలు పోయినట్టే. ఆటోలో ఏడ్చాను. అమ్మ తిడుతుందనుకున్నా. తిట్టలేదు. కాసేపటికి "నన్గూ ఎరడు వర్షదింద కాలు నోవు" అంది. రెండేళ్ళుగా తనకీ కాలునొప్పట. అమ్మ జీన్సు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కాలు మిషను పెడల్ మీదే ఉంటుంది. చెబితే పని మాన్పిస్తారని ఎవరికీ చెప్పలేదట. ఎప్పుడు అడిగినా "ఏనిల్ల" అనేది. ఆ మాట నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆరోజు ఆటోలో తెలిసింది. మరుసటి వారం అమ్మని కూడా అదే డాక్టరమ్మకి చూపించాం.

పోటీల రోజు నా బదులు మొదటి సంవత్సరం అమ్మాయి పరుగెత్తింది. అయిదో స్థానం వచ్చింది. నేను గీత పక్కన నిలబడి ఒక్కో రౌండుకీ టైం అరిచి చెప్పాను. బాధ లేదంటే అది మూడో అబద్ధం అవుతుంది.

ఇక మీకు పనికొచ్చేది చెబుతాను. నొప్పి మొదలైన రోజుల్లో ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. ఎముక మీద గట్టిగా రుద్దకండి. (అవ్వకి ఇది ఒప్పించడానికి వారం పట్టింది.) నొప్పి లేకుండా తొక్కగలిగితే సైకిలు తొక్కొచ్చు. దూరం కొంచెం కొంచెంగా పెంచండి. వారానికి పదోవంతు మించకుండా అని చాలామంది చెప్పే లెక్క. వారంలో ఒకటి రెండు రోజులు కాళ్ళకి సెలవివ్వండి. సిమెంటు కంటే మట్టి మేలు. అంగలు చిన్నవిగా వేయండి, పాదం మరీ ముందుకి చాచి మడమని నేలకి కొట్టకండి. అరిగిన బూట్లు వేసుకోకండి. మెట్టు అంచున నిలబడి మడమలు మెల్లగా లేపి దించితే పిక్కలు బలపడతాయి. పిక్కకి బలముంటే ఎముక మీద భారం తగ్గుతుంది. కడుపు మాడ్చుకుని పరుగెత్తకండి.

ఇంకొక సంగతి. ఆ ముందు ఎముకకి తెలుగులో పేరేమిటని మేడంని అడిగాను. సైన్సు పుస్తకాల్లో అంతర్జంఘిక అని ఉంటుందన్నారు. కన్నడలో పిక్కని మీనఖండం అంటారని అమ్మ చెప్పింది. చేపలాగా ఉంటుందని కాబోలు. అవ్వని అడిగితే, "పేరెందుకే, నొస్తాందని చెప్తే సాలదా?" అంది.

పీటీ మేడం ప్రిన్సిపాల్ గారితో మాట్లాడారు. ఇప్పుడు వారానికి మూడు రోజులు గ్రౌండు గేటు ఆరింటికే తెరుస్తున్నారు. రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు, అట్లా ఇరవై నిమిషాలు చేస్తున్నాను. సాయంత్రం ఇంటి మెట్టు మీద అమ్మా నేనూ పక్కపక్కన నిలబడి మడమలు లేపుతాం. అమ్మ పన్నెండు చేస్తుంది, నేను పదిహేను. నిన్న పదో లెక్క దగ్గర ఆగి, "నొప్పిగా ఉంది" అంది. తెలుగులోనే అంది. ఇద్దరం కూర్చున్నాం.