కండెలు చుట్టిన పిల్ల

ఎలెనా ఫెరాంటే నేపుల్స్ నవలలు నాలుగూ (2011–2014) ఆన్ గోల్డ్‌స్టీన్ ఇంగ్లీషు అనువాదంలో చదివి ముగించేసరికి మా వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఆ రచయిత్రిది కలంపేరు. ఇంత నిజం రాయాలంటే పేరు దాచుకోవాల్సిందేలే.

ఈ నవలల్లో లీలా బూట్లు కుట్టేవాడి కూతురు. ఐదో తరగతితోనే చదువు ఆపించారు. ఆమె ముందు తన తెలివి ఏపాటిదనుకునే స్నేహితురాలు ఎలెనా మాత్రం చదువుకుని రచయిత్రి అయింది. ఆరు దశాబ్దాల స్నేహం, దానికి సరితూగే అసూయ. స్నేహమంటే త్యాగమేనని చెప్పే మన సినిమాలు చూసి విసిగిన నాకు ఆ అసూయే ఎక్కువ నచ్చింది.

మా ఉరవకొండలో లీలాలకు కరువా? లెక్కల్లో నన్ను గట్టెక్కించిన పిల్ల, వానల్లేక శెనక్కాయ పంట పోయిన ఏడాది బడి మాని కండెలు చుట్టడానికి కూర్చుంది. నేను అనంతపురం కాలేజీకి పోయాను. ఇప్పటికీ ఎదురుపడితే "ఏమ్మే, సదువుకున్నదానా!" అంటుంది. అందులో ప్రేమెంతో, ఎత్తిపొడుపెంతో ఇంతవరకూ తేల్చుకోలేదు.

నవలల మీద నాకు ఒకటే ఫిర్యాదు. నాలుగు పుస్తకాల్లోనూ కథ చెప్పేది ఎలెనాయే. లీలా చెప్పుంటే ఎలా ఉండేదో! నేనూ ఇప్పుడు అదే పని చేస్తున్నాను, ఆ పిల్లని ఒక్క మాటైనా అడక్కుండా.